మూడు ఊళ్ళ మూల

కాన్పుల ఆస్పత్రి, వెనక గది
జనవరి మొదట్లో

తమ్ముడూ,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని విసుక్కోకు. ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నానక్కా" అని పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టేయడం కుదరదు. నువ్వు కూడా కాగితం మీదే జవాబివ్వు. నీ నోటికి లేని ఓపిక నీ చేతికైనా ఉంటుందని నా ఆశ.

సంగతేమిటంటే, సోమవారం పొద్దున కింది ఊరి మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి మా వెనక గోడ పక్కన బోర్డు పాతి వెళ్ళారు. అక్కడ వాళ్ళ చెత్త యార్డు వస్తుందట. నేనింకా ఆ కోపంలో ఉండగానే పై ఊరి వాళ్ళు దిగి రోడ్డుకి అవతల ఇంకో బోర్డు పాతారు. వాళ్ళ చెత్త యార్డు అక్కడట. వారం తిరక్కుండా రేవు ఊరి వాళ్ళూ వచ్చారు. వాళ్ళది కాలవ గట్టున. మూడు బోర్డులూ మా కాన్పుల గది కిటికీలోంచి చక్కగా కనిపిస్తున్నాయి.

మూడు ఆఫీసులకీ వెళ్ళి అడిగాను. కూడబలుక్కున్నట్టు ముగ్గురిదీ ఒకటే మాట. "ఊరికి దూరంగా పెట్టాం సిస్టర్, అక్కడ జనం లేరు." నిజంగా కూడబలుక్కునే అలవాటే వాళ్ళకుంటే ఈ గొడవే వచ్చేది కాదనుకో.

జనం లేరట. మరి మంచాలు చాలక నా వార్డులో నేల మీద పడుకుంటున్నది ఎవరు? మూడు ఊళ్ళ ఆడవాళ్ళకీ దగ్గరగా ఉండాలని వెనకటి పెద్దలు ఈ ఆస్పత్రిని మూడు పొలిమేరలూ కలిసే మూలన కట్టారు. ఇప్పుడు ఆ మూలే మా కొంప ముంచింది. మాకున్నది ఒక్క బావి. దాని చుట్టూ మూడు ఊళ్ళ చెత్త పోస్తే ఆ నీళ్ళతో పసిపిల్లలకి స్నానం చేయించమంటావా? ఆస్పత్రి మూతపడుతుంది, ఇంకేముంది.

నువ్వు మూడు ఊళ్ళ ఉమ్మడి ప్రణాళికా సంఘానికి కార్యదర్శివి కదా. ఆ పేరు పలికేసరికే అలుపొస్తోంది గానీ, ఎందుకైనా పనికొస్తుందేమో చూడు.

అక్క


ఉమ్మడి ప్రణాళికా కార్యాలయం, మేడ మీద
జనవరి చివర

అక్కా,

నీ ఉత్తరం చదివి మూడు ఊళ్ళ మ్యాపులూ తెప్పించి బల్ల మీద పక్కపక్కన పరిచాను. తల పట్టుకోవాల్సి వచ్చింది. ప్రతి ఊరూ తన పొలిమేర దాకా రంగులు వేసుకుంది, ఇళ్ళకి పసుపు, బజారుకి నీలం, తోటలకి ఆకుపచ్చ. పొలిమేర దాటితే తెల్ల కాగితం. పక్క ఊరిని గీయడం మా పని కాదంటారు. తెల్లగా ఉంది కాబట్టి అక్కడ ఏమీ లేదని వాళ్ళ నమ్మకం. చెత్త ఎక్కడ వేయాలన్న ప్రశ్న వచ్చేసరికి ముగ్గురూ ఆ తెల్ల అంచుకి ఆనించి గుర్తు పెట్టారు. మీ ఆస్పత్రి పక్క ఊరి హద్దులో ఉందని ప్రతి ఊరూ అనుకుంది. అందుకే అది ఏ మ్యాపులోనూ లేదు.

ముగ్గురినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెడదామని మీటింగు పెట్టాను. మధ్యలో ఎవరు కూర్చోవాలన్న దగ్గరే పొద్దు గడిచిపోయింది. "మాది అన్నిటికన్నా పాత ఊరండీ" అన్నాడు పై ఊరి చైర్మన్. "జనం మా దగ్గరే ఎక్కువున్నారు" అంది కింది ఊరి చైర్‌పర్సన్ మేడం. రేవు ఊరాయన సంగతి నీకు తెలిసిందే, ప్రతిదానికీ "అలాగే చూద్దాం" అని నవ్వి, ఏదీ చూడకుండా వెళ్ళిపోయే మనిషి. చివరికి గుండ్రటి బల్ల తెప్పించాను. గుండ్రటి బల్లకి తల వైపు ఏదని పై ఊరాయన అడిగాడు. తలుపుకి ఎదురుగా ఉన్నదే తల వైపని ఆయనే తేల్చి, వెళ్ళి అక్కడ కూర్చున్నాడు.

అయినా ఒక్కటి ఒప్పించగలననిపిస్తోంది. మూడు యార్డుల బదులు ఒకటే ఉమ్మడి యార్డు, ఎవరికీ ఇబ్బంది లేని చోట. దాంతోపాటు వరద నీళ్ళు నిలిచే పల్లపు పొలాల్లో ఇళ్ళు కట్టనివ్వబోమని మూడు ఊళ్ళూ సంతకం పెడితే, ఇన్నాళ్ళ నా ఉద్యోగానికి అర్థం ఉంటుంది. కొంచెం ఓపిక పట్టు.

నీ మేనకోడలు చిట్టికి మళ్ళీ ఆయాసం వచ్చింది. నువ్వు చెప్పిన మందే వాడుతున్నాం. కొత్తింటికి మారాక చాలా నయం. అక్కడ గాలి బాగుంటుంది.

తమ్ముడు


ఆస్పత్రి
మార్చి

తమ్ముడూ,

నేను ఓపిక పట్టాను, కింది ఊరి వాళ్ళే పట్టలేదు. నీ సంఘం తేల్చేలోగా చెత్త ఆగుతుందా అంటూ లారీలు తోలడం మొదలుపెట్టారు. దోమల కోసం కట్టిన తెరలు ఇప్పుడు పగటిపూట ఈగల కోసం దించుతున్నాం. నిన్న రేవు ఊరి నుంచి వచ్చిన బాలింత ఒకతె ముక్కు మూసుకుని అడిగింది, "సిస్టర్, ఈ వాసన మా ఊరిదా, వాళ్ళ ఊరిదా?" అని. "ఎవరిదైతేనేం తల్లీ, అటు తిరిగి పడుకో" అన్నాను. రెండు నెలలుగా నువ్వు నడుపుతున్న మీటింగుల్లోనూ ఇదే ప్రశ్న నడుస్తోందని నా అనుమానం.

ఎవరికి వారే యమునా తీరే అన్నట్టుంది మీ ముగ్గురి యవ్వారం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే వాళ్ళని ముగ్గురిని ఒక చోట చేర్చావు. కాళ్ళు లెక్కపెట్టడం ఎప్పటికి అయ్యేను?

నాకు తోచిన మాట ఒకటి చెబుతాను, నవ్వకు. పై ఊరికి దక్షిణాన రాళ్ళు కొట్టి వదిలేసిన పాత క్వారీ ఉంది కదా. అక్కడ పనిచేసిన వాళ్ళ భార్యలు ఒకప్పుడు కాన్పులకి నా దగ్గరికే వచ్చేవాళ్ళు. చుట్టూ బండ, నీళ్ళు కిందికి ఇంకవు, లోతైన గొయ్యి ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది. అది మీలో ఎవరి కంటికీ ఆనలేదా?

చిట్టిని దుమ్ములో ఆడనివ్వకు. మీ ఇల్లు ఇంతవరకూ నేను చూడనేలేదు.

అక్క


కార్యాలయం
ఏప్రిల్

అక్కా,

తొందరలో రాస్తున్నాను. ఉమ్మడి యార్డుకి ముగ్గురూ ఒప్పుకున్నారు. మామూలు విషయం కాదు, నమ్ము. పత్రం మీద ఎవరి ఊరి పేరు ముందు రావాలన్న దానికే రెండు మీటింగులు పట్టింది. ఇక చోటు ఒక్కటే తేలాలి.

క్వారీ మాట ఆలోచించాం. బండలో పగుళ్ళున్నాయి, కుదరదు. అది నీకు తెలిసే విషయం కాదులే.

తమ్ముడు


ఆస్పత్రి
మే

తమ్ముడూ,

పగుళ్ళున్నాయంటే ఉన్నాయనుకున్నాను. చదువుకున్నవాడివి, నాకన్నా నీకే తెలుస్తుంది. అందుకే ఆ సంగతి వదిలేశాను.

కానీ ఇది మాత్రం వదలను. మూడు రోజులుగా ఎవరో కుర్రాళ్ళు మా ఆస్పత్రి చుట్టూ గొలుసులు లాగి కొలుస్తున్నారు. కొలిచిన చోటల్లా తెల్ల సున్నం పూసిన రాయి పాతుతున్నారు. కింది ఊరి బోర్డునీ, పై ఊరి బోర్డునీ, రేవు ఊరి బోర్డునీ కలిపి ఒకటే గీతలోకి తెచ్చారు. ఎందుకు నాయనా అని అడిగితే "మాకేం తెలీదు మేడం, ఉమ్మడి ఆఫీసు వాళ్ళు కొలవమన్నారు" అన్నారు.

ఉమ్మడి ఆఫీసంటే నువ్వే కదరా. ఏం కొలిపిస్తున్నావు? నీళ్ళు నమలకుండా రాయి.

అక్క


కార్యాలయం
జూన్

అక్కా,

ఈ ఉత్తరాన్ని చాలాసార్లు మొదలుపెట్టి చింపేశాను. నెమ్మదిగా చదువు.

సంఘం పుట్టిన ఇన్నేళ్ళలో మొట్టమొదటిసారి మూడు ఊళ్ళూ ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేశాయి. రేవు ఊరాయన చప్పట్లు కూడా కొట్టాడు. ఉమ్మడి యార్డు మీ మూలన వస్తుంది. మూడు ఊళ్ళ లారీలకీ సమాన దూరం కావడంతో ఎవరూ ఎక్కువ మోయనక్కర్లేదన్నారు. ఆ న్యాయం అందరికీ నచ్చింది. దాంతోపాటు పల్లపు పొలాల ఒప్పందం మీదా సంతకాలు పెడతామన్నారు. ఆ పొలాల్లో ఇళ్ళు లేస్తే వచ్చే వరదకి కింది ఊరు సగం మునుగుతుంది. ఇది చెడగొడితే అదీ చెడుతుంది.

ఆస్పత్రికి పై ఊళ్ళో కొత్త భవనం ఇస్తామంటున్నారు. ఈలోగా నువ్వు సెలవు పెట్టి విశ్రాంతి తీసుకోవచ్చు. ఎలాగూ నీకు రిటైర్మెంటు దగ్గర పడింది కదా.

తమ్ముడు


ఆస్పత్రి
జూన్

తమ్ముడూ,

ఆరునెలలు సాము చేసి మూలనున్న ముసలమ్మని కొట్టాడట వెనకటికొకడు. ఆ సామెత ఎవరి గురించి పుట్టిందో ఇన్నాళ్ళకి తెలిసింది. పైగా మూలన ఉన్న ముసలమ్మ నేనే అయ్యాను.

కొత్త భవనం పై ఊళ్ళో కడతారా. రేవు ఊరి నుంచి నొప్పులతో బయలుదేరిన పిల్ల అంత దూరం ఎలా చేరుతుంది? దారిలోనే కంటుంది, లేదా దారిలోనే పోతుంది. ఈ మూలన ఆస్పత్రి ఉండడం వల్ల బతికిన వాళ్ళు మూడు ఊళ్ళలో ఎంతమంది ఉన్నారో నీ మ్యాపులో ఏ రంగుతో చూపిస్తావు? సమాన దూరమట. లారీలకి సమాన దూరం కావాలి గానీ కడుపుతో ఉన్న వాళ్ళకి అక్కర్లేదు.

నా రిటైర్మెంటు నాకు గుర్తుచేయనక్కర్లేదు. ఎన్నాళ్ళుందో నాకు తెలుసు.

ఇవన్నీ కాగితం మీద తిట్టడం నా వల్ల కాదు. ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను. మొహం మీదే అంటాను.

అక్క


ఆస్పత్రి
జులై

తమ్ముడూ,

వచ్చాను, భోజనం చేశాను, ఏమీ అనకుండా తిరిగి వచ్చాను. ఎందుకనలేదో నీకు అర్థమై ఉంటుంది. లేకపోతే బస్సు దాకా వచ్చినవాడివి ఒక్క మాటైనా మాట్లాడేవాడివి.

నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు మరదలితో కలిసి డాబా మీద బట్టలు ఆరేశాను. చిట్టి నా కొంగు పట్టుకుని అన్నీ చూపిస్తోంది, అది మా బడి, అది మా నీళ్ళ ట్యాంకు అని. దక్షిణం వైపు చూస్తే క్వారీ. ఇంత దగ్గరా అనుకున్నాను. మీ డాబా మీంచి రాయి విసిరితే అందులో పడుతుంది.

"ఎదర ఖాళీ కదా, ఏవైనా కట్టేస్తారేమో" అన్నాను, ఊరికే.

"ఇక్కడ ఎప్పటికీ ఏమీ రాదు వదినా. ప్లాను గీసేది మీ తమ్ముడే కదా" అని నవ్వింది. ఆ అమ్మాయికి ఏమీ తెలీదు. తెలిసుంటే అంత హాయిగా నవ్వదు.

సూటిగా అడుగుతున్నాను. పగుళ్ళు ఎక్కడున్నాయిరా? నిజం చెప్పు. ఆ తర్వాత తిట్టాలో ఏడవాలో నేను చూసుకుంటాను.

అక్క


ఇల్లు
జులై

అక్కా,

పగుళ్ళు లేవు.

సర్వే చేసిన ఇంజనీరు రెండు చోట్లు పనికొస్తాయన్నాడు, మీ మూల, ఈ క్వారీ. నేలని బట్టి చూస్తే క్వారీయే మేలన్నాడు. నువ్వు వంటగదిలాంటి ఆ వెనక గదిలో కూర్చుని ఊరికే అన్న మాట అక్షరాలా నిజమైంది. చైర్మన్ల ముందు పెట్టేటప్పుడు నేను ఒక్క చోటే పెట్టాను. వాళ్ళు ఇంకో చోటు లేదా అని అడగను కూడా లేదు. ఒక్కటే ఉంటే పోట్లాడుకోవడానికేముంటుంది? ఏకగ్రీవం అందుకే అయింది.

చిట్టికి ఆయాసం వచ్చినప్పుడు నువ్వు చూశావు. పెదాలు నీలంగా మారిపోతాయి. పాత ఇంట్లో కిటికీ తెరిస్తే ఇటుక బట్టీల పొగ. ఉన్నదంతా ఊడ్చి ఈ ఇల్లు కట్టింది ఈ గాలి కోసమే. దాని కిటికీ ముందు మూడు ఊళ్ళ చెత్త నేనే తెచ్చి పోయాలా? నాకు చేతకాలేదు. ఇందులో నీకు అన్యాయం చేశాను, తెలుసు. అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నాను.

నువ్వు నా చోట ఉంటే ఏం చేసేదానివి? తిట్టేముందు అది చెప్పు.

తమ్ముడు


ఆస్పత్రి
ఆగస్టు

తమ్ముడూ,

నువ్వడిగినదానికి జవాబు వెతుక్కుంటూ ఇన్ని రోజులు రాయలేదు. నేనూ అదే చేసేదాన్నేమో. చిట్టిని ఈ లోకంలోకి లాగింది నా చేతులే. అది పుట్టినప్పుడు ఏడవడం ఆలస్యమైతే ఎంత భయపడ్డానో నీకు ఇప్పటికీ చెప్పలేదు. నిన్ను నోరారా తిట్టలేకపోతున్నాను, అందుకే ఇంకా ఒళ్ళు మండుతోంది.

కానీ చిట్టి లాంటివాళ్ళు నా దగ్గర రోజూ పుడుతున్నారు. వాళ్ళ నాన్నలకి ప్లాను గీయడం రాదు.

నువ్వు చేయాల్సింది ఒక్కటే కనబడుతోంది. ముగ్గురు చైర్మన్లకీ రెండు చోట్లూ చెప్పు. ఒకదాని పక్కన నా ఇల్లుంది, ఇంకోదాని పక్కన మా అక్క ఆస్పత్రి ఉంది, అందుకని నేను ఈ గదిలో ఉండకూడదు అని చెప్పి బయటికొచ్చేసి తలుపు వేసేయి. మూడు ఊళ్ళు కలిసి పనిచేయడమంటే వాళ్ళు చేయాలి గానీ, నువ్వు వాళ్ళ చేత చేయించుకోవడం కాదు.

తేలింది మీ వైపే అయితే చిట్టిని నా దగ్గరికి పంపు. ఇక్కడికి దగ్గర్లో బడి ఉంది, నేనున్నాను. అదొక్కటే నా చేతిలో ఉన్నది.

అక్క


కార్యాలయం
సెప్టెంబరు

అక్కా,

చెప్పాను. ముగ్గురి ముందూ చెప్పాను. రెండు చోట్లూ, నా ఇల్లు, నువ్వు, ఇంజనీరు మాట నేను తొక్కిపెట్టడం, అన్నీ. పై ఊరి చైర్మన్ ఉద్యోగం తీయిస్తానన్నాడు. మేడం మాత్రం "ముందు బయటికి వెళ్ళండి, తర్వాత చూద్దాం" అంది. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. లోపల కేకలు. ఒకసారి నవ్వులు కూడా వినిపించాయి. నేను లేకుండా వాళ్ళు మాట్లాడుకోగలరని ఇన్నేళ్ళలో నాకు తెలీదు.

క్వారీ అన్నారు. రేవు ఊరికి దూరం ఎక్కువ కాబట్టి మిగతా రెండు ఊళ్ళూ దాని రవాణా ఖర్చు మోయాలని వాళ్ళలో వాళ్ళే తేల్చుకున్నారు. పల్లపు పొలాల సంతకాలు కూడా అయ్యాయి. రేవు ఊరాయన "అలాగే చూద్దాం" అనకుండా "సరే" అన్నాడట. ఇక కింది ఊరి లారీలు నీ గోడ పక్కకి రావు. నా సంగతి విచారణలో తేలుస్తారు. తేలిస్తే తేల్చనీ.

నువ్వన్నట్టే చిట్టిని వచ్చే నెల పంపిస్తాను. బడిలో మాట్లాడి ఉంచు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. నెమ్మదిగా చెబుతాను.

తమ్ముడు


ఇల్లు
అక్టోబరు

వదినగారికి,

ఈసారి మీ తమ్ముడు రాయడం లేదు, నేను రాస్తున్నాను.

నిన్న అన్నం తింటూ తల ఎత్తకుండా చెప్పారు, క్వారీలోకి చెత్త వస్తోందని, చిట్టి మీ దగ్గరికి వెళుతోందని, "అక్కా నేనూ ఆలోచించే చేశాం" అని. ఏం ఆలోచించారని అడిగితే మీ ఉత్తరాలన్నీ తెచ్చి నా ముందు పెట్టారు. కూర్చుని మొత్తం చదివాను. మీరు ఆయనకి రాసినవీ, ఆయన దాచుకున్న నకళ్ళూ. ఇన్ని నెలల ఉత్తరాల్లో నా మాట ఒక్కటే ఉంది, డాబా మీద బట్టలు ఆరేస్తూ నవ్వుతూ అన్నది. ఇల్లు నాది కూడా. దాని అప్పు నా జీతంలోంచీ కడుతున్నాం. పిల్లని రాత్రంతా కూర్చోబెట్టి వీపు నిమిరేది నేను. మీ ఇద్దరిలో ఒక్కరికీ నన్ను అడగాలని తోచలేదా వదినా?

అడిగి ఉంటే ఏమనేదాన్నో నాకే తెలీదు. తిట్టేదాన్ని. ఏడ్చేదాన్ని. మీ వార్డు తలుచుకుని చివరికి సరే అనేదాన్నేమో కూడా. మీ ఆస్పత్రి మూతపడాలని నేనెప్పుడూ కోరుకోను, నేను కన్నదీ అక్కడే. కానీ ఆ సరే నా నోటితో రావాల్సింది. మీరిద్దరూ కలిసి నా తరఫున అనేశారు. మీ తమ్ముడంటే సరే, ఆయన తంతు నాకు అలవాటే. మీ మీద మాత్రం చాలా కోపంగా ఉంది.

చిట్టిని పంపను. మీ మీద నమ్మకం లేక కాదు. దానికి అమ్మ ఉంది.

వచ్చే మంగళవారం జనం అభ్యంతరాలు వినడానికి పై ఊరి హాల్లో మీటింగు పెడుతున్నారు. మా వీధి అంతా తిరిగి అందరినీ కూడగట్టాను. ప్రతి లారీ మీద కప్పు ఉండాలి, ఏ రోజు చెత్త మీద ఆ రోజే మట్టి పోయాలి, లారీలు బడి ముందునుంచి రాకూడదు, మా వైపు ఎత్తుగా గోడ కట్టాలి. ఇవి రాసిస్తేనే మొదటి లారీ లోపలికి వెళుతుంది. లేకపోతే గేటుకి అడ్డంగా కూర్చుంటాను, కార్యదర్శిగారి భార్యని తొక్కించుకుని పోతారేమో చూస్తాను.

మీరు కూడా రండి. ఈగలతో పడినవాళ్ళు చెబితే చైర్మన్లు కాస్త వింటారు. విచారణ తేలేదాకా కార్యదర్శే కాబట్టి మీ తమ్ముడు వేదిక మీద ఉంటారు, నేను ముందు వరసలో. నా పక్క కుర్చీ మీ కోసం పట్టి ఉంచుతాను. ఎవరి వైపు కూర్చుంటారో మీరే చూసుకోండి.

మీ మరదలు